రోటరీ రేక్‌కి ఎత్తు సెన్సర్: ఏ పనికి వస్తుంది, ఏ పనికి రాదు

కోసిన గడ్డి నేల మీద పడి ఉండదు, కొయ్యకాళ్ళ మీద తేలుతూ ఉంటుంది. దాన్ని గుండ్రంగా తిరిగే చేతుల చివరి పళ్ళతో ఊడ్చి వరసలుగా పోసే యంత్రమే రోటరీ రేక్, ఆ తిరిగే భాగం రోటర్. రేక్ పన్ను ఆ గడ్డి కిందికి దూరాలి, మట్టిని తాకకూడదు. 7 సెంటీమీటర్ల కొయ్యకాలు వదిలి కోస్తే, పన్ను కొన నేలకి 2, 3 సెంటీమీటర్ల పైన తిరగాలి. అంతకంటే దిగితే మట్టి లేస్తుంది, పైకి పోతే ఆకు, తుక్కు అక్కడే మిగిలిపోతాయి. మొత్తం యంత్రం మంచీచెడూ ఈ రెండు మూడు సెంటీమీటర్లలోనే తేలిపోతుంది. అందుకే రోటర్ ఎత్తును సెన్సర్‌తో సర్దే ఏర్పాటు గురించి ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

మట్టి కలిస్తే నష్టం ఎంతో ముందు చూద్దాం. గడ్డిలో సహజంగా ఉండే బూడిద పొడి బరువులో సుమారు 6 శాతం, లూసర్న్ అనే పప్పుజాతి మేతలో 8 శాతం. ల్యాబ్‌లో 550 డిగ్రీల దగ్గర కాల్చి తూచినప్పుడు 12 శాతం వచ్చిందంటే, ఆ పైదంతా దాదాపు మట్టే. ఒక్క శాతం ఎక్కువ అంటే టన్ను పొడి మేతకి 10 కిలోల మట్టి. పశువుకి అందాల్సిన శక్తి ఆ మేరకు తగ్గిపోతుంది. సైలేజ్, అంటే పచ్చిమేతని పాతరేసి పులియబెట్టడం, చేసేవాళ్ళకి ఇంకో ముప్పు ఉంది. మట్టితో పాటు క్లోస్ట్రీడియా అనే బ్యాక్టీరియా బీజాలు పాతరలోకి చేరి, పులియడం దారి తప్పి, బ్యూటిరిక్ యాసిడ్ వాసన కొడుతుంది. ఆ తర్వాత ఏ మందూ దాన్ని బాగుచెయ్యదు.

కొనబోయే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. "ఎలక్ట్రానిక్ ఎత్తు నియంత్రణ" అన్న పేరుతో అమ్మేవాటిలో మూడు రకాలున్నాయి. మొదటి రకంలో ఉండేది ఒక స్పిండిల్ (రోటర్‌ని ఎత్తి దించే మర కడ్డీ) మోటారు, దాని మీద స్థానం చెప్పే సెన్సర్. క్యాబిన్‌లో బటన్ నొక్కితే రోటర్ కదులుతుంది, తెర మీద అంకె కనిపిస్తుంది. దిగి క్రాంక్ తిప్పే పని తప్పుతుంది, మంచిదే. కానీ దానికి నేల సంగతి తెలియదు, స్పిండిల్ ఎంత తిరిగిందో మాత్రమే తెలుసు. టైరు మెత్తటి నేలలో 2 సెంటీమీటర్లు దిగబడినా తెరమీద అంకె మారదు. దీన్ని సెన్సర్ నియంత్రణ అని అమ్మితే ఒప్పుకోవద్దు. రెండో రకం నేలని తాకి కొలుస్తుంది, నేల మీద జారే ఒక స్కిడ్‌ కానీ చిన్న చక్రం కానీ, దాని చెయ్యి ఇరుసు దగ్గర కోణం చెప్పే సెన్సర్. మూడో రకం తాకకుండా చూస్తుంది, అల్ట్రాసోనిక్‌తోనో రాడార్‌తోనో.

వీటికి బయట నాలుగోది కూడా ఉంది, దాన్ని తక్కువ చేసి చూడకూడదు. ఏ సెన్సరూ లేకుండా, పళ్ళకి కాస్త ముందు నడిచే చక్రం మీదే రోటర్‌ని మోయించడం. పాటింగర్ కంపెనీ వాళ్ళ మల్టీటాస్ట్ చక్రం అలాంటిదే. మిట్ట వచ్చిన చోట చక్రం ముందే ఎక్కి రోటర్‌ని లేపుతుంది, వైరింగ్ అక్కర్లేదు. రోటర్ కింద నాలుగు నుంచి ఎనిమిది చక్రాలున్న మంచి బండి, అటూ ఇటూ ఊగగల తగిలింపు ఉంటే చిన్న చిన్న ఎత్తుపల్లాలు అవే చూసుకుంటాయి.

అసలు విషయం ఇక్కడే ఉంది. సెన్సర్‌ని ప్రతి గుంతకీ, ప్రతి మిట్టకీ స్పందించేలా అమరిస్తే పని చెడుతుంది. గంటకి 10 కిలోమీటర్లంటే సెకనుకి 2.8 మీటర్లు. సెన్సర్ చూసి, కంట్రోలర్ లెక్కవేసి, వాల్వు తెరుచుకుని, సిలిండర్ కదలడానికి 0.3 సెకను పట్టినా యంత్రం 80 సెంటీమీటర్లకి పైగా ముందుకెళ్ళిపోతుంది. ఆ మిట్ట దాటిపోయాక రోటర్ లేస్తుంది, గుంత దగ్గరికొచ్చాక ఇంకా లేచే ఉంటుంది. వేగంగా వచ్చే ఎత్తుపల్లాలు చక్రాల పని. నెమ్మదిగా వచ్చే తేడాలే సెన్సర్ పని: నేల ఒక పక్క మెత్తబడడం, గడ్డి బరువు పెరిగి టైరు దిగబడడం, వాలు మారడం. కాబట్టి కనీసం ఒకటి రెండు సెకన్ల సగటు తీసుకుని, 5 మిల్లీమీటర్ల లోపు తేడాని పట్టించుకోకుండా వదిలేసే ఏర్పాటే మా లెక్కలో మంచి ఏర్పాటు. డెమోలో రోటర్ క్షణక్షణం పైకీ కిందికీ ఆడుతుంటే చూడ్డానికి చురుగ్గా అనిపిస్తుంది, కానీ అది లోపమే. స్పిండిల్ మోటారుతో నడిచేదైతే ఆ ఆటకి మోటారు కూడా వేడెక్కి ఆగిపోతుంది.

తాకి కొలిచే రకం సంగతి. చెయ్యి పొడవు 40 సెంటీమీటర్లయితే, ఒక డిగ్రీ తేడా అంటే కొన దగ్గర 7 మిల్లీమీటర్లు. 90 డిగ్రీల పరిధికి 0.5 నుంచి 4.5 వోల్టులిచ్చే సెన్సర్‌లో ఆ ఒక్క డిగ్రీకి వచ్చే మార్పు 44 మిల్లీవోల్టులు. అంటే ఇరుసు బుష్ (ఇరుసు తిరిగే గొట్టం) కాస్త అరిగి ఒక డిగ్రీ ఊగిసలాట వచ్చినా, కనెక్టర్‌లో కొంచెం తుప్పు పట్టినా, మీరు కొన్న ఖచ్చితత్వం పోయినట్టే. బుష్‌ని చేత్తో పట్టుకుని పక్కలకి కదిపి చూడండి. వదులుంటే సెన్సర్ మార్చి లాభం లేదు, బుష్ మార్చాలి. ఇరుసుకి గడ్డి చుట్టుకోవడం మామూలే. పొడుగాటి పచ్చిగడ్డి నాలుగు చుట్లు పడితే చెయ్యి పైకే నిలిచిపోతుంది, కంట్రోలర్ నేల దగ్గరైందనుకుని రోటర్‌ని లేపేస్తుంది. వెనక్కి నడిపేటప్పుడు స్కిడ్ కింద పడి వంగడం ఇంకో తరచు ప్రమాదం, రివర్స్ గేరు వెయ్యగానే రోటర్ తనంతట తానే లేచే అమరిక ఉంటే ఆ బెడద తప్పుతుంది. ఇన్ని ఉన్నా, నేల ఎక్కడుందో నేరుగా తాకి చెప్పేది ఇదొక్కటే. గడ్డి దట్టంగా ఉండే పొలాలకి మేం ముందు సూచించేది దీన్నే.

అల్ట్రాసోనిక్ సెన్సర్ చౌక, కదిలే భాగాలు లేవు, ఏదీ చుట్టుకోదు. కానీ అది కొలిచేది కాలాన్ని, దూరాన్ని కాదు. గాలిలో శబ్ద వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకి 343 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర 355. సెన్సర్ నేలకి 60 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకోండి. చల్లటి పొద్దున సరిచేసి, ఎర్రటి ఎండలో అదే లెక్కతో నడిపితే 2 సెంటీమీటర్ల తప్పు వస్తుంది. ప్రతిధ్వని తొందరగా తిరిగొస్తుంది కాబట్టి నేల దగ్గరుందనుకుని రోటర్‌ని లేపుతుంది, గడ్డి మిగులుతుంది. మధ్యాహ్నం సరిచేసి సాయంత్రం చల్లబడ్డాక నడిపితే ఇదే తిరగబడి పళ్ళు మట్టిలోకి దిగుతాయి. ఉష్ణోగ్రతని బట్టి లెక్క సరిదిద్దే సెన్సర్ లోపల ఉందా అని అమ్మేవాళ్ళని సూటిగా అడగండి. ఉన్నా, ఆ ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టెలో ఇమిడి ఎండకి కాలుతూ ఉంటే గాలి వేడి కాకుండా పెట్టె వేడి చెబుతుంది.

దీనికి ఇంకో గుణం ఉంది, దేన్ని ముందు తాకితే దాన్నే నేల అంటుంది. రోటర్ ముందు పెడితే పడి ఉన్న గడ్డి పైభాగాన్ని చూస్తుంది, ఊడ్చిన చోట పెడితే కొయ్యకాళ్ళ కొనలని చూస్తుంది. ఊడ్చిన చోట పెట్టడమే మంచిది, కొయ్యకాలు పొలమంతా ఒకే ఎత్తులో ఉంటే ఆ తేడాని ఒక్కసారి తీసేస్తే సరిపోతుంది. అంటే కోత సమంగా లేని పొలంలో ఈ సెన్సర్ నుంచి ఎక్కువ ఆశించకూడదు. మంచు తడి మీద దుమ్ము, ఆకు పొడి పడి సెన్సర్ మొహం మీద పొర కడుతుంది. మెత్తటి గుడ్డతో తుడవాలి, ప్రెషర్ వాషర్ దగ్గరకి తేకూడదు. రాడార్‌కి దుమ్ము, గాలి వేడి లెక్కలేదు, పొడి గడ్డిని చాలావరకు దాటి చూస్తుంది. కానీ గడ్డి తడిగా ఉంటే ఆ తడినుంచే వెనక్కి తిరిగొస్తుంది. వాడిపోయిన పచ్చిగడ్డి ఊడ్చేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఏ రకమైనా, అన్నింటికీ ఒకే గుడ్డితనం ఉంది. సెన్సర్‌కి తెలిసేది రోటర్ ఫ్రేము ఎత్తు, పన్ను కొన ఎక్కడుందో దానికి తెలియదు. సీజన్ నడిచేకొద్దీ పళ్ళు అరుగుతాయి. 2 సెంటీమీటర్లు అరిగితే రోటర్ 2 సెంటీమీటర్లు పైన తిరుగుతున్నట్టే, తెరమీద మాత్రం అంతా సవ్యంగా ఉంటుంది. విరిగిన చోట ఒకటి రెండు కొత్త పళ్ళు వేస్తే, అరిగిన వాటి పక్కన అవే కిందికి పొడుచుకొచ్చి మట్టిని గీస్తాయి. పొలంలో ఒకే ఎడంతో వంపు గీతలు కనిపిస్తే సెన్సర్‌ని అనుమానించకండి, రోటర్ చేతుల్ని ఒక్కొక్కటే తిప్పి పళ్ళు లెక్కచూడండి.

టైరు గాలి కూడా అంతే. బండి చక్రాల్లో ఒక పక్క గాలి తగ్గితే రోటర్ వాలుతుంది. మధ్యలో కొలిచే సెన్సర్‌కి సగటు బాగానే ఉంటుంది, ఒక అంచు నేలని గోకుతుంటుంది, రెండో అంచు గడ్డి వదిలేస్తుంది. గాలి ఒత్తిడి ఎన్ని బార్లు ఉండాలో మాన్యువల్లో ఉంటుంది. ఆ అంకె కంటే ముఖ్యం అన్ని చక్రాల్లోనూ ఒకటే ఉండడం.

సరిచేసే పద్ధతిలో ఎక్కువమంది తొందరపడతారు. మొదట టైర్ల గాలి, తర్వాత పళ్ళు. గట్టి కాంక్రీటు నేల మీద ట్రాక్టర్‌కి తగిలించి, లింకు చేతులు పొలంలో ఉండే ఎత్తుకే తేవాలి. ఇంజన్ ఆపి, ట్రాక్టర్ నుంచి యంత్రానికి శక్తి అందించే పీటీవో విడిపించి, తాళం చెవి జేబులో వేసుకున్నాకే రోటర్ దగ్గరికి వెళ్ళాలి. రోటర్‌ని చేత్తో తిప్పుతూ, గడ్డి పట్టే వైపు అన్నిటికంటే కిందికొచ్చే పన్నుని వెతికి, దాని కొనకి నేలకి మధ్య కొలవాలి. గడ్డి పట్టే వైపు రోటర్ ఒకటి రెండు సెంటీమీటర్లు వాలి ఉండాలి, అది ముందు సరిచూసుకోండి. పన్ను నేలని తాకీ తాకకుండా ఉన్న స్థానం ఒక బిందువుగా, 5 సెంటీమీటర్ల మందం ఉన్న చెక్క దిమ్మ మీద ఆనిన స్థానం రెండో బిందువుగా నమోదు చెయ్యాలి. ఒక్క బిందువుతో ముగించే యంత్రాలున్నాయి, వాటిలో సున్నా దగ్గర సరిగ్గా ఉండి పైకెళ్ళేకొద్దీ తప్పు పెరుగుతుంది.

ఆ తర్వాత పొలంలో 50 మీటర్లు నడిపి, దిగి, వంగి చూడాల్సిందే. కొయ్యకాళ్ళ మధ్య తాజా మట్టి రంగు కనిపిస్తే 5 మిల్లీమీటర్లు లేపండి. చేత్తో దువ్వితే పిడికెడు గడ్డి వస్తే అంతే దించండి. కొయ్యకాళ్ళు ఒకవైపుకి దువ్వినట్టు వంగి, మట్టి కదలకుండా ఉంటే అదే సరైన ఎత్తు.

డెమోలో తప్పక పరీక్షించాల్సింది పొలం చివరి మలుపు. రోటర్ గాల్లోకి లేచినప్పుడు సెన్సర్‌కి నేల అర మీటరు దూరంలో కనిపిస్తుంది. ఆ క్షణంలో నియంత్రణని స్తంభింపచెయ్యకపోతే, కంట్రోలర్ "ఇంకా దించాలి, ఇంకా దించాలి" అని ఆదేశాన్ని పోగేసుకుంటూ పోతుంది. రోటర్ దిగగానే ఆ పోగంతా ఒక్కసారి బయటపడి, మొదటి కొన్ని మీటర్లు పళ్ళు నేలని దున్నుతాయి. అయిదారు మలుపులు తిప్పించి, దిగిన చోట గోధుమరంగు చార ఉందేమో వెళ్ళి చూడండి. ఉంటే అది సాఫ్ట్‌వేర్ తప్పు, మీ సెట్టింగులతో పోయేది కాదు.

రెండు, నాలుగు రోటర్ల యంత్రాల్లో ప్రతి రోటర్‌కీ వేరు సెన్సర్, వేరు వాల్వు ఉండాలి. ఒక రోటర్‌ని కొలిచి మిగతావాటికి అదే ఎత్తు అంటించే ఏర్పాటు వాలు నేలలో పనికిరాదు. ట్రాక్టర్‌నీ యంత్రాన్నీ కలిపే ఐసోబస్ అనే ఉమ్మడి వైరింగ్ పద్ధతితో ట్రాక్టర్ తెర మీదే నడవడం సౌకర్యమే, పనితనాన్ని మాత్రం అది పెంచదు. హైడ్రాలిక్ రకంలో సిలిండర్ దగ్గరే లాక్ వాల్వు ఉందో లేదో చూడండి. లేకపోతే రోటర్ నెమ్మదిగా జారుతుంటుంది, సెన్సర్ దాన్ని లేపుతూనే ఉంటుంది. కేబుళ్ళు ఎక్కువగా తెగేది మడత కీలు దగ్గర. అక్కడ కాస్త వదులు వదిలి, రబ్బరు గొట్టంలో నడిపి ఉండాలి.

గడ్డి కోసే మోవర్‌కి ఈ ఏర్పాటు అంత అవసరం లేదు. కోత బారు స్కిడ్‌ల మీదే జారుతుంది, అక్కడ ముఖ్యం నేల మీద పడే బరువు, దాన్ని హైడ్రాలిక్ సస్పెన్షన్ చూసుకుంటుంది. గడ్డిని ఆరడానికి విదిలించే టెడ్డర్‌లో కోణం సరిగ్గా ఉంటే చాలు. డబ్బు పెట్టాలంటే రేక్ మీదే పెట్టాలి. అందులోనూ 7 మీటర్లకి పైబడిన వెడల్పు, మెత్తబడే నేలలు, సైలేజ్ పని ఉన్నవాళ్ళకి. చదునైన గట్టి నేలలో ఒంటి రోటర్ తిప్పేవాళ్ళకి మంచి బండి, సరైన గాలి, 7 సెంటీమీటర్ల కోత ఇవి చాలు. గంటకి 15 కిలోమీటర్లు తోలేవాళ్ళని ఏ సెన్సరూ కాపాడదు.

చివరిగా అమ్మేవాళ్ళ ముందే సెన్సర్ ప్లగ్గు పీకి చూడండి. యంత్రం ఉన్న ఎత్తులోనే నిలబడి, తెరమీద తప్పు చూపించి, బటన్లతో ఎత్తు మార్చనివ్వాలి. ప్లగ్గు పీకగానే రోటర్ కిందికి దిగినా, బటన్లకి పలకకపోయినా ఆ యంత్రం వద్దు. వాన మబ్బు పట్టినప్పుడు, గడ్డి సగం వరసల్లో ఉన్నప్పుడు ఒక చిన్న కేబుల్ కోసం పని ఆగిపోకూడదు.