విండోస్ 11: నాలుగేళ్లు వాడాక

విండోస్ 11 విడుదలైంది 2021 అక్టోబర్ 5న. మొదటి వెర్షన్ నుంచి 25హెచ్2 (2025 రెండో సగపు వెర్షన్) దాకా రోజువారీ పనికి వాడిన మీదట రాస్తున్న సమీక్ష ఇది. తేల్చి చెప్పాల్సిన మాట ముందే చెప్పేస్తాను. మీ కంప్యూటర్ ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ అధికారిక జాబితాలో ఉంటే మారండి, కానీ బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్), డిస్క్ పనులు పూర్తయ్యాకే మారండి. జాబితాలో లేకపోతే, ముఖ్యమైన పని జరిగే మెషీన్‌లో అడ్డదారిన ఎక్కించవద్దు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఈఎస్‌యూ అనే పొడిగింపు పథకంలో చేరిన ఇంటి కంప్యూటర్లకు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకే వస్తాయి. కొత్త హంగులు నచ్చినా నచ్చకపోయినా, మారడానికి బలమైన కారణం ఇదే.

"ఈ పీసీ విండోస్ 11కు సరిపోదు" అన్న సందేశం చూడగానే కొత్త కంప్యూటర్ కొనాలని అనుకోకండి. చాలా మదర్‌బోర్డుల్లో టీపీఎం (విండోస్ 11 అడిగే భద్రతా చిప్) ఉంటుంది, బయోస్‌లో ఆపేసి ఉంటుంది, అంతే. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి "టీపీఎం.ఎంఎస్‌సీ" తెరిస్తే స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని కనిపించాలి. లేకపోతే బయోస్‌లో ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అన్న పేర్లు వెతికి ఆన్ చేయాలి. రైజెన్ మెషీన్లలో ఎఫ్‌టీపీఎం ఆన్ చేశాక అప్పుడప్పుడు శబ్దం తెగి, మౌస్ క్షణంపాటు బిగుసుకుపోతుంటే బయోస్ పాతదని అర్థం. ఏజెసా (బయోస్‌లో ఏఎండీ ఇచ్చే భాగం) 1.2.0.7 లేదా ఆ తర్వాతి వెర్షన్ ఉన్న బయోస్ వేస్తే ఆ జబ్బు పోతుంది. ప్రాసెసర్ విషయంలో మాత్రం చేయగలిగింది లేదు. చాలావరకు ఇంటెల్‌లో 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచే జాబితా మొదలవుతుంది.

4 జీబీ ర్యామ్ చాలన్న అధికారిక లెక్కను నమ్ముకోకండి. బ్రౌజర్‌లో నాలుగు బరువైన పేజీలు తెరిచేసరికి డిస్క్ మీద భారం పడుతుంది. 8 జీబీ ఉంటే పని సాగుతుంది, 16 ఉంటే హాయి. ఇంకా హార్డ్‌డిస్క్ మీదే నడుస్తున్న మెషీన్ అయితే ముందు ఎస్ఎస్‌డీ, ఆ తర్వాతే అప్‌గ్రేడ్.

అసలు తిప్పలన్నీ లెగసీ (పాత బయోస్) పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసిన పాత విండోస్ 10 దగ్గర మొదలవుతాయి. విండోస్ 11 అడిగే సెక్యూర్ బూట్ అనే రక్షణకు యూఈఎఫ్ఐ (బయోస్‌కు కొత్త రూపం) కావాలి, విండోస్ యూఈఎఫ్ఐలో బూట్ కావాలంటే డిస్క్ ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతి నుంచి జీపీటీ అనే కొత్త పద్ధతికి మారాలి. విండోస్ 10లోనే ఉన్న "ఎంబీఆర్2జీపీటీ" కమాండ్ డేటా చెరపకుండానే ఈ మార్పు చేస్తుంది. అయినా బ్యాకప్ లేకుండా దీని జోలికి వెళ్లొద్దు. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ముందు "వ్యాలిడేట్", అది పాసైతే "కన్వర్ట్" ఇవ్వాలి. రెండిటికీ "అలౌఫుల్ఓఎస్" జత చేయాలి, లేకపోతే నడుస్తున్న విండోస్‌లోంచి పనిచేయదు. వ్యాలిడేట్ దగ్గరే ఆగిపోతే ముందు అనుమానించాల్సింది పార్టిషన్లనే. ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించకూడదు, ఎక్స్‌టెండెడ్, లాజికల్ పార్టిషన్లు అసలు ఉండకూడదు. ఒకే డిస్కును డీ, ఈ, ఎఫ్ అని ముక్కలు చేసుకున్నవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. ఆ ఫైళ్లను వేరే డిస్కులోకి తీసి, పార్టిషన్లు తొలగించి, మళ్లీ ప్రయత్నించాలి.

కన్వర్ట్ పూర్తయ్యాక మొదటి రీస్టార్ట్‌లోనే బయోస్‌లోకి వెళ్లి సీఎస్ఎం (పాత పద్ధతిలో బూట్ కావడానికి వీలిచ్చే సెట్టింగ్) ఆపి, యూఈఎఫ్ఐకి మార్చాలి. మరిచిపోతే విండోస్ బూట్ కాదు. డేటా పోయిందని కంగారుపడి ఫార్మాట్ కొట్టకండి, ఆ ఒక్క సెట్టింగ్ మారిస్తే అన్నీ ఉన్నచోటే ఉంటాయి. మరీ పాత గ్రాఫిక్స్ కార్డుల్లో యూఈఎఫ్ఐకి అవసరమైన ఫర్మ్‌వేర్ ఉండదు. అలాంటిదైతే సీఎస్ఎం ఆపగానే తెర మీద ఏమీ రాదు, కార్డు మార్చక తప్పదు.

బయోస్‌ను ముట్టుకునే ముందు డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందేమో, అంటే కీ లేనిదే చదవలేని రూపంలో ఉందేమో చూసుకోవాలి. విండోస్‌లో ఆ పని చేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉండగా టీపీఎం సెట్టింగులు మార్చినా, బయోస్ అప్‌డేట్ చేసినా 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. కీని వేరేచోట భద్రపరిచి, బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసి, ఆ తర్వాతే పని మొదలుపెట్టండి. 24హెచ్2 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, హోమ్ ఎడిషన్‌లో కూడా డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ కావచ్చు. కీ ఆ అకౌంట్‌లో చేరుతుంది. ఆ అకౌంట్‌లోకి వెళ్లే దారే లేకుండా పోతే, కీ అడిగిన రోజున డిస్కులో ఉన్నదంతా పోయినట్టే. ఈ సంగతి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పెద్ద అక్షరాలతో చెప్పాల్సింది.

ఇక అప్‌గ్రేడ్ విషయానికొస్తే, ఐఎస్ఓ ఫైలును (ఇన్‌స్టాల్ డిస్కు మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) మౌంట్ చేసి, అంటే డ్రైవ్‌లా తెరిచి, సెటప్ నడిపి, ఫైళ్లు, యాప్‌లు ఉంచమని ఎంచుకోవడమే మంచి పద్ధతి. సీ డ్రైవ్‌లో 30 జీబీ ఖాళీ ఉంచండి. బయటి యాంటీవైరస్ తీసేయండి, కీబోర్డు, మౌస్ తప్ప మిగతా యూఎస్‌బీ పరికరాలు పీకేయండి. 0ఎక్స్‌సీ1900101తో మొదలయ్యే ఎర్రర్ వచ్చి వెనక్కి తిరిగిపోతే దాదాపుగా డ్రైవర్‌దే తప్పు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే సెటప్‌డయాగ్ నడిపితే లాగ్‌లు చదివి ఎక్కడ ఆగిందో చెబుతుంది. లోకల్ అకౌంట్‌తో ఉన్న విండోస్ 10ను ఇలా అప్‌గ్రేడ్ చేస్తే లోకల్ అకౌంట్ అలాగే ఉంటుంది. 32-బిట్ విండోస్ 10కి ఈ దారి లేదు, కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సిందే. 16-బిట్ ప్రోగ్రామ్‌లు విండోస్ 11లో నడవవు.

రోజువారీ వాడకంలో ఎక్కువగా లాభించినవి రెండు. మొదటిది, విండోస్ కీ, జెడ్ నొక్కితే వచ్చే, విండోలను తెర మీద పక్కపక్కన అమర్చే స్నాప్ లేఅవుట్లు. రెండోది, బయటి మానిటర్ తీసి మళ్లీ పెట్టినప్పుడు విండోలు తమ పాత చోటికే చేరడం. విండోస్ 10లో అన్నీ ఒక తెర మీద కుప్పపడేవి. రెండు మానిటర్లతో పనిచేసేవాళ్లకు ఈ ఒక్కదానికే మారవచ్చు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ట్యాబ్‌లు కూడా బాగున్నాయి. ఇంటెల్ 12వ తరం, ఆపై వచ్చిన రెండు రకాల కోర్ల ప్రాసెసర్లలో పనిని ఏ కోర్‌కు ఇవ్వాలన్నది విండోస్ 11 మెరుగ్గా చూసుకుంటుంది.

నష్టాల్లో టాస్క్‌బార్ ముందుంటుంది. దాన్ని పైకో పక్కకో జరుపుకునే వీలును 2021లో తీసేశారు, 25హెచ్2 విడుదల నాటికి కూడా తిరిగి ఇవ్వలేదు. విండోలను కలపకుండా విడివిడిగా చూపే ఆప్షన్ 23హెచ్2లో గానీ తిరిగి రాలేదు. రైట్‌క్లిక్ మెనూ కుదించేశారు. షిఫ్ట్ నొక్కి రైట్‌క్లిక్ చేస్తే పాత మెనూ నేరుగా వస్తుంది. ఇది వేళ్లకు అలవాటైతే సగం చిరాకు తగ్గుతుంది.

వేగం సంగతి ప్రాసెసర్‌ను బట్టి ఉంటుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ సాధారణంగా ఆన్‌లో ఉంటుంది. దానికి కావలసిన హార్డ్‌వేర్ సాయం ఇంటెల్‌లో 7వ తరం నుంచి, ఏఎండీలో జెన్ 2 డిజైన్ (రైజెన్ 2000 తర్వాతిది) నుంచే ఉంది. రైజెన్ 2000 సిరీస్ జాబితాలో ఉన్నా ఆ సాయం లేక, గేమ్స్‌లో మందగింపు తెలుస్తుంది. రక్షణ ఆపేసి వేగం తెచ్చుకోవచ్చు, కానీ బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌లో ఆపమని చెప్పలేను.

24హెచ్2 ప్రో వేశాక పాత నాస్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే) పెట్టె, లేదా రౌటర్‌కు తగిలించిన డిస్క్ తెరుచుకోకపోతే పరికరం పాడైందనుకోకండి. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునేటప్పుడు సందేశాలకు డిజిటల్ సంతకం అడిగే ఎస్ఎంబీ సైనింగ్ తప్పనిసరి అయింది, పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశం ఆగిపోయింది. నాస్‌లో యూజర్, పాస్‌వర్డ్ పెట్టి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయడమే సరైన మందు.

అర్హత లేని ప్రాసెసర్ మీద రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటు) చిట్కాతో ఎక్కించవచ్చు, నడుస్తుంది కూడా. అయితే ఏటా వచ్చే పెద్ద వెర్షన్ సాధారణంగా దానంతటది రాదు, ప్రతిసారీ చేత్తో వేసుకోవాలి. హోమ్, ప్రో ఎడిషన్లలో ఒక్కో వెర్షన్‌కు మద్దతు 24 నెలలే. 24హెచ్2తో పాప్‌కౌంట్ ఇన్‌స్ట్రక్షన్ లేని కోర్ 2 తరం ప్రాసెసర్లకు ఆ దారీ మూసుకుపోయింది.

అప్‌గ్రేడ్ చేశాక నచ్చకపోతే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ ఉంటుంది. గడువు 10 రోజులే. డిస్మ్ కమాండ్‌లో "సెట్-ఓఎస్అన్‌ఇన్‌స్టాల్‌విండో" విలువ 60 ఇస్తే 60 రోజులకు పొడిగించుకోవచ్చు. అప్‌గ్రేడ్ అయిన రోజే ఆ పని చేయండి. డిస్క్ క్లీనప్‌తో, పాత విండోస్ ఉండే విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌ను చెరిపేస్తే ఎన్ని రోజుల గడువు మిగిలి ఉన్నా వెనక్కి వెళ్లడం కుదరదు.