సరస్సు ఒడ్డున మూడు రోజులు: మిర్రర్‌లెస్ కెమెరా, రెండు టెలిఫోటో లెన్సులు

ఇన్నేళ్ళూ లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరాతోనే పక్షులను ఫోటోలు తీసిన నేను ఆలస్యంగా, ఆ అద్దం లేని మిర్రర్‌లెస్‌కు మారాను. పెట్టె విప్పిన వారానికే ఒక సరస్సు దగ్గర మూడు రోజులు బస చేసి, పడవలోను, వీక్షణ మంచె మీద, నీటి అంచున పొంచి కూర్చునే గుడిసెలోను కొత్త కెమెరాను వాడి చూశాను. వెంట తీసుకెళ్ళిన లెన్సులు రెండు: నా సొంత 100-400 మి.మీ. జూమ్, అద్దెకు తెచ్చుకున్న పాత తరం 500 మి.మీ. ఎఫ్/4 (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు లోపలికి అంత ఎక్కువ వెలుతురు). కెమెరాది ఏపీఎస్-సీ సెన్సర్, అంటే పాత 35 మి.మీ. ఫిల్ము సైజు ఉండే ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నది కనుక, 1.5 రెట్ల క్రాప్ లెక్కన 400 దగ్గర దొరికే దృశ్యకోణం ఫుల్‌ఫ్రేమ్‌లో 600తో సమానం.

మొదటి రోజు సూర్యోదయానికి ముందే పడవ ఎక్కాము. మామూలు కంటికి నీటికాకులు నల్లటి మచ్చల్లా ఉన్న ఆ వేళ, కంటికి ఆనించి చూసే చిన్న తెర అయిన ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో వాటి రెక్కల అంచులు కూడా తెలిశాయి. ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలో వెలుతురు పాలు, ఎలా రాబోతున్నదో మీట నొక్కకముందే కనబడుతుంది కాబట్టి, తెల్లకొంగ ఈకలు వెలిసిపోకుండా ఎంత తగ్గించాలో ఇదివరకటిలా అంచనా వేసుకోవలసిన పని లేకపోయింది. ఇంజిన్ అదురుకు లెన్సు వణుకుతున్నదని చెప్పగానే పడవ నడిపే ఆయన విసుక్కోకుండా ఇంజిన్ ఆపి గడకర్ర అందుకున్నారు. మూడు రోజుల్లో నాకు అందిన సేవలన్నింటిలో దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను. స్థిరీకరణ మన చేతి వణుకును సర్దుతుందే తప్ప ఎగిరే పక్షి వేగాన్ని ఆపలేదు కనుక, షట్టర్ వేగాన్ని సెకనులో 2000వ వంతు కంటే నెమ్మది కానివ్వలేదు. ఆ మసక వెలుతురులో దానికి మూల్యం, సెన్సర్ సున్నితత్వాన్ని చెప్పే ఐఎస్ఓను ఫోటో గరుకెక్కే 6400 దాకా పెంచడం.

రెండో రోజు గుడిసెలో గడిపిన నాలుగు గంటలే ఈ యాత్రకు ప్రాణం. కిటికీ దాదాపు నీటి మట్టానికి ఉంటుంది, ఎదురుగా ఎనిమిది మీటర్ల దూరంలో ఒక ఎండుకొమ్మ. దాని మీద లకుముకి పిట్ట వాలగానే, మధ్యలో రెల్లు ఆకులు ఊగుతున్నా పక్షి కన్నును కెమెరా తానే వెతికి పట్టుకునే ఫోకస్ చతురస్రం దాని కన్ను మీదే నిలబడింది. నిశ్శబ్ద షట్టర్ విలువ కూడా అక్కడే తెలిసింది: పక్కన కూర్చున్నాయన డీఎస్ఎల్ఆర్ అద్దం టపటపలాడిన ప్రతిసారీ తల తిప్పి చూసిన కొంగ, నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మీట పూర్తిగా నొక్కడానికి అర సెకను ముందు నుంచే ఫ్రేములను దాచిపెట్టే ప్రీ-క్యాప్చర్ సదుపాయం వల్ల, పిట్ట కొమ్మ వదిలిన క్షణం జీవితంలో మొదటిసారి నాకు దక్కింది.

దక్కింది గానీ, రెక్కలు వంకర పోయాయి. ఆ నిశ్శబ్ద షట్టర్, ప్రీ-క్యాప్చర్ రెండింటికీ ఆధారం ఎలక్ట్రానిక్ షట్టర్; అది సెన్సర్‌ను వరుస తర్వాత వరుసగా చదువుతుంది. ఆ చదవడం నెమ్మదిగా సాగితే, పై వరుసకూ కింది వరుసకూ మధ్య రెక్క ఎంతో కొంత కదిలిపోతుంది. 2017లో సోనీ ఏ9తో ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల్లోకి వచ్చిన, చాలా వేగంగా చదివే స్టాక్డ్ సెన్సర్లు ఈ లోపాన్ని బాగా తగ్గించాయి, 2021 నాటి నికాన్ జెడ్9లో మెకానికల్ షట్టరే లేదు. నా కెమెరాది ఆ తరగతి కాదు కాబట్టి, ఎగిరే పక్షులకు మళ్ళీ మెకానికల్ షట్టరే వాడుకున్నాను. ఇంకొక చికాకు ఏమిటంటే, ఫోకస్ దగ్గరి రెల్లు మీద ఉండిపోతే దూరపు పక్షి ఉత్త మసకగా మారి, కెమెరా దానిని పక్షిగా గుర్తించనే గుర్తించదు. కొమ్మ దూరానికి ముందే ఫోకస్ చేసి ఉంచుకోవడం అలవాటయ్యాక ఈ బాధ తగ్గింది.

మంచె గురించి ఎంతో ఆశపడ్డాను. అంత ఎత్తు నుంచి సరస్సంతా కనబడుతుంది, 500 సత్తా అక్కడే తేలుతుందనుకున్నాను. పది గంటలు దాటేసరికి వేడెక్కిన గాలి నీటి మీద అలలు అలలుగా లేచింది. రెండు వందల మీటర్ల దూరంలోని పక్షి కన్ను మీద చతురస్రం నిక్కచ్చిగా నిలబడి ఉన్నా, ఇంటికి వచ్చి చూస్తే ఒక్క ఫోటోలోనూ ఈకల గీతలు తేలలేదు. ఆ గాలిని సరిచేసే లెన్సు లేదు. పైగా మూడు కిలోలు దాటిన ఆ లెన్సు, పాత లెన్సును కొత్త కెమెరాకు కలిపే అడాప్టర్ మీద ఫోకస్ బాగానే చేసినా వరుస ఫ్రేముల వేగం తగ్గింది. అద్దెకు ఇచ్చినవారు లెన్సును ట్రైపాడ్‌కు బిగించే కాలర్ మర ఒకటి లేకుండానే పంపారు. ఎఫ్/4 వల్ల జూమ్ కంటే ఒక స్టాప్, అంటే రెట్టింపు, వెలుతురు దొరికిన మాట నిజమే, తెల్లవారుజామున అది అక్కరకు వచ్చింది కూడా.

బస గదిలో మంచం, కిటికీ, నిశ్శబ్దం అన్నీ బాగున్నాయి. పనిచేసే ప్లగ్ మాత్రం ఒక్కటే. వ్యూఫైండర్ ఎప్పుడూ వెలుగుతూనే ఉండే ఈ కెమెరా ఒక పూటకు రెండు బ్యాటరీలు తినేస్తుంది, ప్రీ-క్యాప్చర్ వాడితే మరీను. కాబట్టి మూడు బ్యాటరీలను వంతులవారీగా ఛార్జ్ చేయడానికి రాత్రి అలారం పెట్టుకుని లేవవలసి వచ్చింది. బస ఖాయం చేసుకునేటప్పుడు గది నుంచి దృశ్యం ఎలా ఉంటుందని అడిగానే గానీ, ప్లగ్గులు ఎన్ని అని అడగాలని తోచలేదు.

మూడో రోజు మంచె టికెట్టు వదులుకుని, 500ను పెట్టెలో పెట్టేసి, 100-400 ఒక్కటే పట్టుకుని గుడిసెలో అదే కిటికీ దగ్గరకు వెళ్ళాను. నీటికాకి ఒకటి అయిదు మీటర్ల దూరంలో రెక్కలు చాచి ఆరబెట్టుకుంటుంటే, అది ఫ్రేములో పట్టక జూమ్‌ను బాగా వెనక్కి తిప్పవలసి వచ్చింది.