మారతహళ్లి కేఫ్‌లో ప్రపంచ అథ్లెటిక్స్: ఉత్తములను ఎంచే చీటీలపై సమీక్ష

బెంగళూరులో క్రికెట్టును, ఫుట్‌బాల్‌ను పెద్ద తెర మీద చూపించే చోట్లకు కొదవ లేదు. అథ్లెటిక్స్ చూడాలనుకునేవారికి మాత్రం అలాంటి చోటు దొరకడం చాలా కష్టం. దొరికినా, భారత క్రీడాకారుడి వంతు అయిపోగానే ఛానల్ మార్చేస్తారు. 2025 సెప్టెంబరు 13 నుంచి 21 వరకు టోక్యోలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్స్‌ను మారతహళ్లిలోని ఒక చిన్న కేఫ్ ప్రతి సాయంత్రమూ చివరి పోటీ దాకా చూపించింది. అంతేకాక, పోటీలు ముగిశాక వచ్చినవారందరికీ తలా ఒక చీటీ ఇచ్చి, ఆనాటి ఉత్తమ క్రీడాకారుడు లేక క్రీడాకారిణి ఎవరో కారణంతో సహా రాయమని కోరింది. ఈ సమీక్ష ప్రధానంగా ఆ చీటీల పద్ధతి గురించే.

మిగతా వివరాలు క్లుప్తంగా చెబుతాను. ప్రవేశ రుసుము మల్టీప్లెక్సు టికెట్టు కంటే తక్కువ, అందులోనే ఒక ఫిల్టర్ కాఫీ. మద్దూరు వడ బాగుంటుంది, వేడిగా కావాలంటే ముందే చెప్పాలి. వెనక వరుసలోని బల్లల మీద కూర్చుంటే నడుము నొప్పి ఖాయం. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు కాబట్టి అక్కడి రాత్రి పోటీలు మనకు ఆఫీసు వేళల్లో మొదలయ్యేవి. ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని వచ్చినవారి కోసం గోడ పొడవునా ప్లగ్గులు ఏర్పాటు చేయడం మెచ్చుకోదగిన ఆలోచన. నిర్వాహకుడు అనంతపురం జిల్లా నుంచి వచ్చిన మధ్యవయస్కుడు. తెలుగులోనూ కన్నడలోనూ అంతే సులువుగా వివరిస్తారు, అవసరమైన చోట మాత్రమే మాట్లాడతారు.

ఈ కేఫ్‌ను మిగతా చోట్ల నుంచి వేరు చేసేది తెర పక్కన ఉన్న తెల్ల బోర్డు. ప్రతి ఫైనల్‌కు ముందు ఆయన దాని మీద పోటీదారుల పేర్లు, ఒక్కొక్కరి వ్యక్తిగత అత్యుత్తమ ప్రదర్శన, ఆ ఏడాదిలోని అత్యుత్తమం, వయసు, కింద ప్రపంచ రికార్డు రాస్తారు. పోటీ ముగిశాక వాటి ఎదురుగా ఎర్ర ఇంకుతో ఫలితం పడుతుంది. పతకాల పట్టిక ఎవరు గెలిచారో మాత్రమే చెబుతుంది. ఎవరు తమ శక్తికి మించి రాణించారో, ఎవరు తమ స్థాయిని అందుకోలేకపోయారో తెలియాలంటే ఇలాంటి బోర్డు కావాలి. టీవీ ప్రసారాల్లో ఈ అంకెలు రెండు క్షణాలు మెరిసి మాయమవుతాయి. ఇక్కడ అవి కళ్లెదుట నిలిచి ఉంటాయి కాబట్టి చూసేవాడి తీర్పులో ఆవేశం తగ్గి ఆలోచన పెరుగుతుంది.

సెప్టెంబరు 18 గురువారం నాటి సాయంత్రం ఈ పద్ధతి బలాన్ని బాగా చూపింది. ఆ రోజు పురుషుల జావెలిన్ (ఈటె విసిరే పోటీ) ఫైనల్ ఉంది. 2021 ఆగస్టు 7న ఇదే స్టేడియంలో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన నీరజ్ చోప్రా మీదే అందరి కళ్లూ ఉన్నాయి. వెన్నునొప్పితో వచ్చిన నీరజ్ 84.03 మీటర్లతో ఎనిమిదో స్థానానికి పరిమితమై, ఐదు ప్రయత్నాల తర్వాత పోటీ నుంచి వైదొలగవలసి వచ్చింది. గదిలో మాట పడిపోయింది. కానీ అదే పోటీలో, ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో మొదటిసారి అడుగుపెట్టిన మరో భారతీయుడు సచిన్ యాదవ్ తన తొలి ప్రయత్నంలోనే 86.27 మీటర్లు విసిరాడు. నిర్వాహకుడు లేచి వెళ్లి, బోర్డు మీద సచిన్ పేరు ఎదుట ఉన్న పాత అత్యుత్తమాన్ని కొట్టేసి కొత్త అంకె రాసినప్పుడు గాని, జరిగింది ఎంత పెద్ద విషయమో చాలామందికి తట్టలేదు. చివరికి అమెరికాకు చెందిన కర్టిస్ థాంప్సన్ 86.67తో కాంస్యం తీసుకున్నాడు. సచిన్ నలభై సెంటీమీటర్ల తేడాతో నాలుగో స్థానంలో నిలిచాడు.

నా పక్కన కూర్చున్న కుర్రవాడు, "అన్నా, పతకం రానివాళ్లకు ఓటు వేయొచ్చా?" అని అడిగాడు. "వేయొచ్చు తమ్ముడూ, కారణం మాత్రం సరిగ్గా రాయాలి" అన్నారు నిర్వాహకుడు. ఈ నియమం చిన్నదిగా కనిపించినా ఎంతో విలువైనది. "భారతీయుడు కాబట్టి" అని రాసిన చీటీలను ఆయన లెక్కలోకి తీసుకోలేదు, తీసుకోనని అందరి ఎదుటా మర్యాదగా చెప్పారు. "మొదటి ప్రపంచ పోటీలో, మొదటి విసురులోనే తన జీవితంలోని అత్యుత్తమం" అని రాసిన చీటీని మాత్రం గట్టిగా చదివి వినిపించారు. ఆ పోటీలో స్వర్ణం గెలిచిన కెషోర్న్ వాల్కాట్‌కు కూడా ఓట్లు పడ్డాయి, పడవలసిందే. 2012లో పంతొమ్మిదేళ్ల వయసులో లండన్‌లో ఒలింపిక్ చాంపియన్ అయిన ట్రినిడాడ్ వాసి, పదమూడేళ్ల తర్వాత 88.16 మీటర్లతో తన తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ పతకం అందుకోవడం నిలకడకు నిదర్శనం.

నా ఓటు మాత్రం ఆ సాయంత్రం చివర్లో జరిగిన మహిళల 400 మీటర్ల పరుగుకు. తడిసిన ట్రాక్ మీద అమెరికాకు చెందిన సిడ్నీ మెక్‌లాఫ్లిన్ లెవ్‌రోన్ 47.78 సెకన్లలో పరుగు ముగించింది. 1985లో మరీటా కోచ్ నెలకొల్పిన 47.60 రికార్డు తర్వాత చరిత్రలో అంత వేగంగా ఎవరూ పరుగెత్తలేదు. ఆమె ప్రధాన పోటీ 400 మీటర్ల హర్డిల్స్, అంటే అడ్డంకులు దూకుతూ పరుగెత్తేది. ఆ పోటీలో 50.37 సెకన్ల ప్రపంచ రికార్డు ఆమెదే. దాన్ని పక్కన పెట్టి ఆ ఏడాది హర్డిల్స్ లేని పరుగును ఎంచుకుంది. రెండో స్థానంలో వచ్చిన మారిలైడీ పౌలీనో కూడా 47.98తో 48 సెకన్ల లోపే ముగించింది. ఒకే పరుగులో ఇద్దరు మహిళలు ఆ హద్దు దాటడం అదే మొదటిసారి. గొప్ప ప్రత్యర్థి చివరిదాకా వెంటాడుతున్నా శ్రుతి తప్పకుండా పరుగెత్తడాన్ని నేను ఒంటరిగా సాధించిన రికార్డు కంటే పై మెట్టున నిలబెడతాను. మొత్తం పోటీలకు ఒకే పేరు చెప్పమన్నా ఆమె పేరే చెబుతాను.

ఇక లోపాల సంగతి. చీటీ మీద ఆ సాయంత్రం పోటీల పేర్లే ఉంటాయి. సెప్టెంబరు 15న స్వీడన్‌కు చెందిన ఆర్మాండ్ డుప్లాంటిస్ పోల్ వాల్ట్‌లో (పొడవాటి కర్ర ఊతంతో ఎగిరే పోటీ) 6.30 మీటర్లను మూడో ప్రయత్నంలో దాటి తన పద్నాలుగో ప్రపంచ రికార్డు సాధించాడు. ఆ రోజు దాదాపు అందరూ అతనికే ఓటు వేశారు. అదే రోజు మన వేకువజామున, టాంజానియాకు చెందిన ఆల్ఫోన్స్ సింబు నలభై రెండు కిలోమీటర్లకు పైగా పరుగెత్తి, జర్మనీకి చెందిన అమనాల్ పెట్రోస్‌ను సెకనులో నూరింట మూడు వంతుల తేడాతో ఓడించి మారథాన్ గెలిచాడు. ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో తన దేశానికి అదే తొలి స్వర్ణం. ఆ పరుగును కేఫ్ చూపించలేకపోవడం అర్థం చేసుకోదగినదే, తెల్లవారుజామున నాలుగింటికి ఎవరు తెరుస్తారు? కానీ సాయంత్రం పది నిమిషాల ముఖ్యాంశాలు వేసి, చీటీలో ఆ పేరు చేర్చడం కష్టమైన పని కాదు.

రోజుకు ఒకే పేరు అన్న నియమం ఇంతకంటే పెద్ద లోపం. అమెరికాకు చెందిన మెలిస్సా జెఫర్‌సన్ వుడెన్ 14న 100 మీటర్లను 10.61లో, 19న 200 మీటర్లను 21.68లో గెలిచి, 21న 4x100 మీటర్ల రిలే స్వర్ణంలోనూ పాలుపంచుకుంది. ఒకే ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో ఈ మూడూ గెలిచిన మహిళ ఆమెకు ముందు షెల్లీ ఆన్ ఫ్రేజర్ ప్రైస్ ఒక్కరే. అయినా ఏ రోజుకు ఆ రోజు లెక్క వేయడం వల్ల ఆమె శ్రమ మొత్తం ఒక్క చీటీలోనూ కనబడలేదు. చివరి రోజున "మొత్తం పోటీల ఉత్తమ క్రీడాకారిణి, క్రీడాకారుడు" అని విడిగా ఓటింగ్ పెట్టి ఉంటే ఈ అన్యాయం తప్పేది.

మూడోది సమయం. ఆఖరి పరుగు ముగిసిన వెంటనే చీటీలు పంచడం వల్ల, ఆ పరుగు చప్పుడు చెవుల్లో ఉండగానే తీర్పు రాయవలసి వస్తుంది; రెండు గంటల కిందట జరిగిన జావెలిన్ అప్పటికే మసకబారుతుంది. కాఫీ ఇచ్చి, బోర్డును మరొకసారి చదివి వినిపించి, ఆ తర్వాత చీటీలు ఇస్తే ఓట్ల సరళి మారుతుందని నా నమ్మకం. ఈ మాట నిర్వాహకుడితో అన్నప్పుడు ఆయన శ్రద్ధగా విని, నోట్‌బుక్కులో రాసుకున్నారు.

ఈ లోపాలన్నీ లెక్కలోకి తీసుకున్నా ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. గాయం వల్ల హర్డిల్స్ క్రీడాకారిణి, విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి టోక్యోలో లేకపోవడం తెలుగువారందరికీ వెలితిగా తోచిన రోజుల్లో కూడా, మనవాళ్లు లేని హర్డిల్స్ ఫైనల్‌ను గది నిండా జనం కూర్చుని చూసేలా చేసిన చోటు ఇది. వెళ్లేవారు మొదటి పోటీకి కనీసం అరగంట ముందు చేరుకోవడం మంచిది. బోర్డు స్పష్టంగా కనిపించేది ఎడమవైపు మొదటి మూడు వరుసల నుంచే.