నడుము పట్టేస్తే ఎవరి దగ్గరికి?

వేరుశనగ మూట ఎత్తబోయి నాన్నకు నడుము పట్టేసినప్పుడు అనంతపురంలోని మా ఇంట్లో రెండు మాటలు వినిపించాయి. కైరోప్రాక్టర్ ఒక్కసారి టప్పుమనిపిస్తే చాలని బాబాయి, ఫిజియోథెరపీయే మేలని అక్క.

కైరోప్రాక్టర్లు ముఖ్యంగా వెన్నుపూసల కీళ్లను చేత్తో చటుక్కున నొక్కి కదిలిస్తారు. 1895లో అమెరికాలో పుట్టిన పద్ధతి ఇది. ఆ చప్పుడు ఎముక సర్దుకున్నందుకు వచ్చేది కాదు, కీలులోని ద్రవంలో ఏర్పడే వాయు బుడగది. కొందరికి నడుము నొప్పి తగ్గే మాట నిజమే. మెడను మాత్రం అలా తిప్పనివ్వను. అరుదుగానైనా రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి.

మేము ఫిజియోథెరపిస్టు దగ్గరికే వెళ్లాం. నాన్నను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, నడుమును మెల్లగా పైకెత్తించి అయిదు లెక్కపెట్టించారు. మూట ఎత్తేటప్పుడు వంచాల్సింది మోకాళ్లనని ఖాళీ గోనెసంచితో చూపించారు. ఆరు వారాలు పట్టింది. నాన్న విసుక్కున్నా మానలేదు. ఆ అలవాటు ఇప్పటికీ ఆయనతోనే ఉంది. మడమ బెణికినా, కట్టు విప్పాక చెయ్యి బిగుసుకున్నా నేను ఇదే దారి చెబుతాను.

కాలిలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా ఈ ఇద్దరి దగ్గరికీ కాదు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.