చంటిబిడ్డతో ఇంగ్లండ్ పల్లెకు: కాటేజీయా, హాలిడే పార్కా, బీ అండ్ బీనా?

లండన్, రెడింగ్, మిల్టన్ కీన్స్ వైపు ఉంటున్న తెలుగు ఇళ్లలో బిడ్డ పుట్టాక వచ్చే మొదటి వేసవికి ఒక వాదన తప్పదు. బిడ్డను చూసుకోవడానికి అమ్మమ్మా తాతయ్యా వచ్చి ఉంటారు. వాళ్లు తిరిగి వెళ్లేలోగా నాలుగు రోజులు ఎక్కడికైనా పల్లెపట్టుకు తీసుకెళ్లాలి. భర్త ఉత్తరాన కొండలూ సరస్సులూ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ అంటాడు, భార్య లండన్‌కు దగ్గరలో పాత రాతి ఊళ్లున్న కాట్స్‌వోల్డ్స్ అంటుంది, ఫొటోలు చూసి చూసి ఇద్దరూ అలసిపోతారు. నన్నడిగితే అది రెండో ప్రశ్న. ముందుగా తేల్చుకోవలసింది వేరే ఉంది: సాయంత్రం ఏడు గంటలకు బిడ్డ నిద్రపోయాక మిగతావాళ్లంతా ఎక్కడ కూర్చుంటారు?

జూన్ నెలలో ఇంగ్లండ్‌లో తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. అంటే బిడ్డ పడుకున్న తర్వాత కూడా రెండున్నర గంటల పగలు మిగిలి ఉంటుంది. పెద్దవాళ్లకు సెలవు మొదలయ్యేదే అప్పుడు. ఆ సమయం మనకు దక్కేది ఏ బసలో, దక్కనిది ఏ బసలో అన్నదాన్ని బట్టే నా లెక్కలన్నీ.

బీ అండ్ బీలో దొరికేది ఒక గది, పొద్దున్నే ఫలహారం. ఇంటివాళ్లే వండి పెడతారు, పక్కలు వాళ్లే సర్దుతారు, రెండు రాత్రులకైనా గది ఇస్తారు. చెడ్డదేమీ కాదు. కానీ బిడ్డ నిద్రపోగానే దీపం తీసేసి, అదే గదిలో భార్యాభర్తలిద్దరూ దుప్పటి కింద ఫోన్లు చూసుకుంటూ గుసగుసలాడుకోవాలి. పక్క గదిలో ఉన్న పెద్దవాళ్లతో కబుర్లు చెప్పుకుందామంటే బిడ్డ దగ్గర ఎవరుంటారు? నీళ్లు కాచుకునే కెటిల్ తప్ప వంటకు ఏ సదుపాయమూ ఉండదు. చిన్నపిల్లలను అసలు రానివ్వనివి కూడా కొన్ని ఉన్నాయి, డబ్బు కట్టక ముందే అడగాలి.

అయినా ఒక సందర్భంలో నా ఓటు బీ అండ్ బీకే. బిడ్డకు ఇంకా నాలుగైదు నెలలే, తల్లిపాలు తప్ప వేరే ఆహారం లేదు, వెంట పెద్దవాళ్లు లేరు అనుకోండి. ఆ వయసు బిడ్డ పాకదు, ఉగ్గు అడగదు. మొదటి ఆరు నెలలూ బిడ్డను తల్లిదండ్రుల గదిలోనే పడుకోబెట్టమని ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ చెబుతుంది కనుక, వేరే పడకగదికి డబ్బు పెట్టినా ఉపయోగం లేదు. ‘ఇంత చిన్నబిడ్డతో ప్రయాణమా, కాస్త పెద్దయ్యాక చూద్దాం’ అని వాయిదా వేసేవాళ్లున్నారు. పాకడం వచ్చాక మన పని పెరిగేదే కాని తగ్గేది కాదు.

హాలిడే పార్కులను పల్లె అనవచ్చా అన్నది నా మొదటి సందేహం. సెంటర్ పార్క్స్ సంస్థ ఇంగ్లండ్‌లో 1987లో షెర్‌వుడ్ అడవిలో మొదటి పార్కు తెరిచింది. లేక్ డిస్ట్రిక్ట్‌కు దగ్గరగా, పెన్రిత్ పక్కన విన్‌ఫెల్ అడవిలో మరొకటి ఉంది. చెట్ల మధ్య చిన్న చిన్న ఇళ్లు, వంటగది, బిడ్డకు మంచం, ఎత్తు కుర్చీ, పైకప్పు కింద వెచ్చని ఈతకొలను. సామాను దించాక కార్లన్నీ పార్కింగ్‌లోకి వెళ్లిపోతాయి కాబట్టి బగ్గీ, అంటే బిడ్డను కూర్చోబెట్టే బండి, తోసుకుంటూ నిశ్చింతగా తిరగవచ్చు. వారమంతా వాన పడినా బిడ్డకూ తల్లికీ విసుగు రాదు. నిద్రలేమితో కూలబడిపోయిన జంటకు ఇంతకన్నా మంచి చోటు లేదని ఒప్పుకుంటాను.

మరి తాతయ్యకు? ఆయన గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చింది ఇంగ్లండ్ పల్లె ఎలా ఉంటుందో చూద్దామని. రాతి గోడల మధ్య గొర్రెలు, చర్చి ముందు పచ్చిక, ఊళ్లో ఒక్కటే దుకాణం, ఇవేవీ పార్కులో కనిపించవు. ఆయనకు కనిపించేదల్లా ఈతకొలను ముందు వరుస. చౌకగా దొరికే కారవాన్ పార్కులు వేరే రకం. చాలావరకు సముద్రతీరాల్లో ఉంటాయి, గోడలు పలచన, ఒకరు దగ్గితే అందరూ లేస్తారు. ఏప్రిల్ రాత్రుల్లో బిడ్డ గదిని 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంచాలంటే హీటరు వేస్తూ తీస్తూ ఉండాల్సిందే.

పశువులున్న రైతుల ఇళ్ల దగ్గర బస మూడేళ్ల పిల్లలకు పండగే. ఎనిమిది నెలల బిడ్డకు ఆవూ ఒకటే, చెత్త లారీ ఒకటే, రెంటినీ అంతే ఆశ్చర్యంగా చూస్తుంది. పైగా జంతువులను తాకిన చేతులను సబ్బుతో, పారే నీళ్లతో కడగాలి. జెల్ రాసుకుంటే చాలదు. ఎప్పుడూ వేళ్లు నోట్లో పెట్టుకునే వయసు బిడ్డతో ఇది రోజంతా కాపలా పని. వసంతంలో గొర్రెలు ఈనే కాలంలో గర్భిణులు వాటి దగ్గరికి వెళ్లకూడదన్న వైద్య సలహా కూడా ఉంది. కాబట్టి ఇది మరో రెండేళ్ల తర్వాతి మాట.

మిగిలింది కాటేజీ, అంటే ఇల్లంతా మనకే అద్దెకు. పెద్దవాళ్లు వెంట ఉన్నా, బిడ్డ ఘనాహారం తినడం మొదలుపెట్టినా నా ఎంపిక ఇదే. పైన బిడ్డ నిద్రపోతుంటే కింద నలుగురూ కూర్చుని భోంచేయవచ్చు, పెరట్లో కుర్చీలు వేసుకుని సూర్యాస్తమయం చూడవచ్చు. బట్టలుతికే యంత్రం ఉంటుంది. రోజుకు నాలుగు జతలు తడిపే బిడ్డ ఉన్నప్పుడు అదెంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. అన్నం, పప్పు, చారు మనమే వండుకుంటాం కనుక శాకాహారులైన పెద్దలు మూడు పూటలా బంగాళాదుంప వేపుడు ముక్కలతో సరిపెట్టుకోవలసిన అవసరం రాదు. ఇంగ్లండ్ పల్లెల్లో చాలా పబ్బుల వంటగదులు మధ్యాహ్నం రెండున్నరకు మూసి సాయంత్రం ఆరుకు తెరుస్తారు. మన ఇళ్లలో ఆకలి వేసేది సరిగ్గా ఆ మధ్యలోనే.

అయితే కాటేజీలన్నీ ఒకటి కావు. రెండు మూడు వందల ఏళ్ల నాటి రాతి ఇల్లు ఫొటోలో ముద్దుగానే ఉంటుంది. లోపల నిట్టనిలువు ఇరుకు మెట్లు, తలకు తగిలే దూలాలు, మోకాళ్లు కొట్టుకుపోయే రాతి నేల, హాల్లో కట్టెలు మండించే ఇనుప పొయ్యి. పాకే బిడ్డకు ఇందులో ప్రతిదీ ప్రమాదమే. మెట్లకు పైనా కిందా గేట్లున్నాయా, పొయ్యి చుట్టూ కంచె ఉందా, పెద్దవాళ్లకు కింది అంతస్తులో స్నానాలగది ఉందా అని యజమానిని అడగాలి. మంచం ఇస్తామంటారు కానీ దానికి దుప్పట్లు చాలాచోట్ల ఇవ్వరు. కిటికీలకు వెలుతురును ఆపే తెరలు ఉన్నాయో లేదో కనుక్కోవాలి. జూన్‌లో అయిదు గంటలైనా కాకముందే తెల్లవారుతుంది, బిడ్డ కూడా అప్పుడే లేచి కూర్చుంటుంది.

మన వంటకు సంబంధించి రెండు మాటలు. పొయ్యి ఇండక్షన్‌దైతే ఇంటి నుంచి మోసుకెళ్లిన అల్యూమినియం కుక్కరు పనిచేయదు. అడుగున అయస్కాంతం అతుక్కునే స్టీలు గిన్నె కావాలి, లేదంటే చిన్న ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు పట్టుకెళ్లడం మేలు. రెండోది, ఈ ఇళ్లలో వంటగది, హాలు కలిసే ఉంటాయి, పైకప్పు తక్కువ ఎత్తు. ఎండుమిర్చి తాలింపు పెడితే పొగ అలారం మోగి, గంటసేపు జోకొట్టి పడుకోబెట్టిన బిడ్డ లేస్తుంది. తాలింపులు మధ్యాహ్నం, కిటికీలు తెరిచి! ఉగ్గుకు బియ్యం, పెసరపప్పు వేయించి ఇంట్లోనే పొడి కొట్టి డబ్బాలో పోసుకుంటే అక్కడ మిక్సీ కోసం వెతుక్కోనక్కరలేదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదని అమ్మమ్మకు ముందే నచ్చజెప్పడం మంచిది. పల్లె దుకాణాల్లో స్థానిక తేనె సీసాలు వరుసగా కనిపిస్తాయి, ఆవిడ చేయి ఊరుకోదు.

కాటేజీల్లో అద్దె సాధారణంగా శుక్రవారం నుంచి శుక్రవారం లేదా శనివారం నుంచి శనివారం. వేసవి రద్దీ లేని రోజుల్లో మూడు నాలుగు రాత్రులకూ ఇస్తారు. బిడ్డ ఇంకా బడికి వెళ్లదు కదా, ఆ స్వేచ్ఛను వాడుకోవాలి. మే చివరి వారపు సెలవులు దాటాక జూన్‌లోనో, బడులు తెరిచిన తర్వాత సెప్టెంబరులోనో వెళితే అదే ఇల్లు ఆగస్టు ధర కన్నా చాలా తక్కువకు దొరుకుతుంది.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. లేక్ డిస్ట్రిక్ట్ అందం ముందు మిగతావి నిలవవు, అందులో నాకు అనుమానం లేదు. పదిన్నర మైళ్ల పొడవున్న విండర్‌మియర్ ఇంగ్లండ్‌లో అతిపెద్ద సహజ సరస్సు. పడవ మీద బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పెద్దవాళ్లకు అడుగు వేయకుండానే కొండలన్నీ కనిపిస్తాయి. బగ్గీలూ చక్రాల కుర్చీలూ పోగలిగిన దారులను ఆ నేషనల్ పార్కువాళ్లు ‘మైల్స్ వితౌట్ స్టైల్స్’ పేరుతో విడిగా గుర్తించారు. వాటిలో టార్న్ హౌస్ అనే చిన్న సరస్సు చుట్టూ ఉన్న బాట రెండు మైళ్లకు లోపే.

కానీ రెండు చిక్కులున్నాయి. లండన్ నుంచి లేక్ డిస్ట్రిక్ట్‌లోని కెసిక్ ఊరు దాదాపు 300 మైళ్లు. పసిబిడ్డను కారు సీటులో ఏకబిగిన రెండు గంటలకు మించి ఉంచవద్దని నిపుణులు చెబుతారు. ఆగుతూ, పాలిస్తూ, డైపర్లు మారుస్తూ వెళితే పోయే రోజు పోతుంది, వచ్చే రోజూ పోతుంది. నాలుగు రోజుల సెలవులో మిగిలేది రెండు రోజులు. ఇక వాన. కెసిక్‌కు దగ్గరలోని సీత్‌వెయిట్ ఇంగ్లండ్‌లో జనావాసాలన్నిటిలోకీ అత్యధిక వర్షం పడే చోటు. ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా పడుతుంది. హైదరాబాద్‌లో ఏడాదంతా పడేది 800 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మాంచెస్టర్‌లోనో లివర్‌పూల్‌లోనో ఉండేవాళ్లకు దూరం సమస్య కాదు, వాన చూసి వెళ్లడమో మానడమో చేయవచ్చు. దక్షిణాన ఉండేవాళ్లకు ఆ వీలు లేదు.

కాట్స్‌వోల్డ్స్ అయితే దగ్గరే. లండన్‌లోని ప్యాడింగ్టన్ నుంచి మోర్టన్-ఇన్-మార్ష్‌కు నేరుగా రైలుంది, గంటన్నరకు కాస్త అటూ ఇటూ ప్రయాణం, అయిదేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కరలేదు. తేనెరంగు రాతి ఇళ్లు పెద్దవాళ్లకు తప్పక నచ్చుతాయి. కానీ వేసవి ఆదివారం మధ్యాహ్నం బోర్టన్-ఆన్-ది-వాటర్‌లోనో బైబరీలోనో బగ్గీ తోయడం జాతరలో తోయడమే. ఊరు దాటి పొలాల్లోకి వెళితే అడుగడుగునా కంచె దాటే చెక్కమెట్లు. బిడ్డను ఛాతీకి కట్టుకుని నడిచే తండ్రికి ఫర్వాలేదు, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ అక్కడే ఆగిపోతుంది.

అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లకు లండన్‌కూ లేక్ డిస్ట్రిక్ట్‌కూ మధ్యలో ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ అంటాను. 1951లో ఏర్పడిన ఇది బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్కు, అయినా మన వాళ్ల వాదనల్లో దాని పేరు పెద్దగా వినిపించదు. బేక్‌వెల్ ఊరి పక్క నుంచి పోయే మాన్సల్ ట్రయల్ పాత రైలు మార్గం. పట్టాలు తీసేసి నడకదారి చేశారు. ఎనిమిదిన్నర మైళ్లు, కార్లు రావు, రైలు కోసం వేసిన కట్ట కాబట్టి ఎత్తుపల్లాలు దాదాపు లేవు. అలసిన చోట వెనక్కి తిరిగితే సరి. దారిలో సొరంగాలున్నాయి, నదిలోయ మీద ఎత్తైన వంతెన ఉంది. సొరంగంలో ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది, బిడ్డకు టోపీ పెట్టాలి. కొండలు లేక్ డిస్ట్రిక్ట్ కొండలంత ఘనంగా ఉండవు, సరస్సుల స్థానంలో ఉన్నవి జలాశయాలు. అయినా బగ్గీ, మోకాళ్లు, కారు ప్రయాణం మూడింటినీ కలిపి చూస్తే దీనికి పోటీ లేదు.

కారు విషయంలో ఒక చిన్న లెక్క. అయిదుగురు కూర్చునే కారులో వెనక బిడ్డ సీటు పోగా మిగిలిన చోటులో అమ్మమ్మ, తల్లి ఎలాగో ఒదుగుతారు, ముందు తాతయ్య. బగ్గీ, మడత మంచం, డైపర్ల కట్టలు, రైస్ కుక్కరు, నలుగురి పెట్టెలు డిక్కీలో పట్టవు. మంచం, ఎత్తు కుర్చీ కాటేజీవాళ్లే ఇస్తే సగం బరువు తగ్గుతుంది. లేదంటే ఏడుగురి కారు అద్దెకు తీసుకోవాలి. ఇప్పటి ఐ-సైజ్ భద్రతా ప్రమాణం ప్రకారం చేసిన బిడ్డ సీట్లలో పదిహేను నెలలు దాటేదాకా బిడ్డ వెనక్కి తిరిగే కూర్చోవాలి కనుక ముందు సీటు జరుపుకోవడానికి కూడా జాగా ఉండదు. పొడుగు మనిషి నడిపేట్టయితే ఇంటి దగ్గరే ఒకసారి కూర్చుని చూసుకోవాలి.

కాటేజీ ఎంచుకునేటప్పుడు ఒంటరి కొండవాలు ఇంటికీ, చిన్న ఊరి అంచున ఉన్న ఇంటికీ మధ్య తేల్చుకోవలసి వస్తే రెండోదానికే వెళ్లండి, అందం కాస్త తగ్గినా. కొండ మీద ఫోను సిగ్నల్ ఉండకపోవచ్చు. రాత్రి బిడ్డ ఒళ్లు కాలిందంటే ఎన్‌హెచ్‌ఎస్ వైద్య సలహా నంబరు 111కు ఫోను చేయాలి, పిల్లల పారాసిటమాల్ కావాలి. ఇంగ్లండ్‌లో పెద్ద దుకాణాలు ఆదివారం ఆరు గంటలే తెరిచి ఉంచాలన్న చట్టం ఉంది, చాలావరకు సాయంత్రం నాలుగుకే మూసేస్తారు. బేక్‌వెల్ లాంటి ఊళ్లో నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఇల్లు తీసుకుంటే పాల డబ్బా అయిపోయినా భయం లేదు. తాతయ్య కూడా పొద్దున్నే ఒక్కడే వెళ్లి పేపరు తెచ్చుకోగలడు.