డేటన్ విమానాల మ్యూజియంలో రెండు రోజులు

ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ నుంచి డేటన్‌కి ఐ-70 హైవే మీద గంటంపావు ప్రయాణం. మా బావమరిది అక్కడి రైట్ స్టేట్ యూనివర్సిటీలో చదువుతున్నాడు. వాణ్ని చూడ్డానికి నాలుగైదుసార్లు వెళ్ళాను. అమెరికా వైమానిక దళం వాళ్ళ నేషనల్ మ్యూజియం మాత్రం ఎప్పుడూ గంటలో చుట్టేసి వచ్చేవాణ్ని. ఫోటోలన్నీ చెదిరిపోయి, పసుప్పచ్చగా వచ్చేవి. ఈసారి రెండు రోజులు సెలవు పెట్టి, ట్రైపాడ్‌తో (కెమెరా నిలబెట్టే మూడు కాళ్ళ స్టాండు) వెళ్ళాను. చాలా తేడా కనిపించింది.

మ్యూజియం రైట్ ప్యాటర్సన్ ఎయిర్ బేస్ స్థలంలోనే ఉన్నా, సందర్శకులకు వేరే గేటు ఉంది. ప్రవేశం ఉచితం, పార్కింగ్ ఉచితం, సమయం పొద్దున 9 నుంచి సాయంత్రం 5 వరకు. వరసగా నాలుగు పెద్ద హాంగర్లు (విమానాలు ఉంచే షెడ్లు), 350కి పైగా విమానాలూ క్షిపణులూ. ఒక్క రోజులో అన్నీ చూడాలనుకుంటే కాళ్ళు నొప్పులు తప్ప ఏమీ మిగలదు. మొదటి రోజంతా నేను మొదటి హాంగరు దాటలేదు.

లోపలికి అడుగుపెట్టగానే కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. "బావా, ఇంత చీకట్లో ఫోటోలేం వస్తాయి?" అన్నాడు వెంట వచ్చిన మా బావమరిది. ఆ చీకటి అవసరమే. తొలినాటి విమానాల రెక్కలకు గుడ్డ చుట్టి ఉంటుంది. ఎక్కువ వెలుతురు ఏళ్ళ తరబడి పడితే గుడ్డ పాడవుతుంది, రంగులు వెలిసిపోతాయి. మన విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 నౌకాదళ విమానం ఎండకీ ఉప్పుగాలికీ ఆరుబయట నిలబడి ఉంటుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు మనసులో బాధగా ఉంటుంది. అందుకే ఇక్కడి చీకటి మీద నాకు ఫిర్యాదు లేదు.

ఈ మ్యూజియం గొప్ప సదుపాయం, ట్రైపాడ్ వాడుకోనివ్వడం. వర్జీనియాలో డలెస్ విమానాశ్రయం పక్కనున్న స్మిత్సోనియన్ వాళ్ళ ఉడ్వర్ హేజీ సెంటర్‌కి కూడా వెళ్ళాను. అక్కడ ఎనోలా గే బాంబర్, డిస్కవరీ అంతరిక్ష షటిల్, కాంకర్డ్ ఉన్నాయి. పైన నడవాలు ఉండటంతో వేలాడదీసిన విమానాలు కంటికి ఎదురుగా కనిపిస్తాయి. వెలుతురూ నయమే. కానీ ట్రైపాడ్, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) రెండూ నిషేధం, పార్కింగ్‌కి 15 డాలర్లు. కుటుంబంతో చూడ్డానికైతే అదే మేలు. ఫోటోల కోసమైతే మాత్రం నేను డేటన్‌కే వెళ్తాను.

హిరోషిమా మీద అణుబాంబు వేసింది ఎనోలా గే అయితే, 1945 ఆగస్టు 9న నాగసాకి మీద వేసిన బాక్స్‌కార్ విమానం డేటన్‌లో ఉంది. మెరిసే అల్యూమినియం ఒళ్ళు. పైనున్న స్పాట్‌లైట్లు దాని మీద తెల్లటి మచ్చల్లా పడతాయి, కింద పొట్ట భాగం నల్లగా ఉండిపోతుంది. ఫ్లాష్ వేస్తే ముక్కు దగ్గర ఒక మెరుపు తప్ప ఏమీ రాదు, తోక దాకా ఆ వెలుగు చేరదు. నేను ఐఎస్‌ఓ (వెలుతురును పట్టే చురుకుదనం) 100, లెన్స్ రంధ్రం ఎఫ్8 పెట్టి, ఆరు సెకన్ల వరకు షట్టర్ తెరిచి ఉంచాను. వెలుతురు ఎక్కువా తక్కువా పెట్టి మరో రెండు తీసి తర్వాత కలుపుకున్నాను. రెండు సెకన్ల టైమర్ పెడితే వేలు తగిలి కెమెరా కదలదు. లెన్స్‌లోని స్టెబిలైజేషన్ (చేతి వణుకు సరిదిద్దే ఏర్పాటు) ఆపేయడం మరిచిపోవద్దు. ఇంకో లాభం, నడిచి వెళ్ళేవాళ్ళు అంతసేపట్లో ఫోటోలోంచి మాయమైపోతారు. బల్బుల రంగులు రకరకాలుగా ఉంటాయి కాబట్టి రా ఫార్మాట్‌లోనే (కెమెరా మార్చని ముడి ఫైలు) తీయాలి, లేకపోతే ఆ పసుపు ఛాయ పోదు.

అదే హాంగర్లో మెంఫిస్ బెల్ అనే రెండో ప్రపంచ యుద్ధం నాటి బీ-17 బాంబర్ ఉంది. 1943 మే 17న దాని సిబ్బంది ఇరవై అయిదో దాడి ముగించారు. సరిగ్గా 75 ఏళ్ళకు, 2018 మే 17న దాన్ని ఇక్కడ ప్రదర్శనకు పెట్టారు. దాని మెరుపులేని ఆకుపచ్చ రంగు వెలుతురును తాగేస్తుంది. గంటన్నర దాని చుట్టూనే తిరిగాను. మొదట నీడలన్నీ తొలగించాలని చూశాను, ఫోటో ప్లాస్టిక్ బొమ్మలా వచ్చింది. నీడల్ని అలాగే వదిలేసి ముక్కు మీది వెలుగునే నమ్ముకుంటే, ఆ లోహం బరువు కనిపించింది. నాకు ఈ యాత్రలో దొరికిన మంచి ఫోటో అదే.

రెండో రోజు పొద్దున్నే నాలుగో హాంగరుకి వెళ్ళాం. ఇక్కడ వెలుతురు కొంచెం నయం. రెండే రెండు తయారైన ఎక్స్‌బీ-70 వాల్కిరీ ప్రయోగాత్మక బాంబర్లలో మిగిలిన ఒకటి ఇక్కడే ఉంది. రెండోది 1966లో కూలిపోయింది. అధ్యక్షుడు కెన్నెడీ భౌతికకాయాన్ని టెక్సాస్‌లోని డాలస్ నుంచి వాషింగ్టన్‌కి తెచ్చిన ఎస్‌ఏఎమ్ 26000 విమానంలోకి ఎక్కి నడవొచ్చు. దారి చాలా సన్నం, రెండు వైపులా పారదర్శకమైన పలకలు, ట్రైపాడ్‌కి చోటే లేదు. లెన్స్‌కి రబ్బరు హుడ్ తగిలించి పలకకి ఆనించి తీస్తే ప్రతిబింబాలు రావు. శవపేటిక పెట్టడానికి అడ్డుగోడ కోసి, సీట్లు తీసేశారట. అక్కడ ఎవ్వరూ గట్టిగా మాట్లాడటం లేదు.

బస విషయంలో మొదటి రాత్రి పొరపాటు చేశాను. చవగ్గా ఉందని ఫెయిర్‌బోర్న్‌లో ఒక మోటెల్ తీసుకున్నాను. గదిలో హీటర్ రాత్రంతా మోగుతూనే ఉంది, గది మార్చమంటే రిసెప్షన్‌లో పట్టించుకోలేదు. రెండో రాత్రి బీవర్‌క్రీక్‌లో ముప్పై డాలర్లు ఎక్కువ పెట్టి దిగితే హాయిగా నిద్రపట్టింది. భోజనానికి మ్యూజియంలో క్యాంటీన్ ఉంది కానీ, మేం పులిహోర కట్టుకెళ్ళి కారు దగ్గరే తిన్నాం.

తిరిగొచ్చేముందు డేటన్‌లోనే ఉన్న కారిలాన్ పార్కుకి వెళ్ళాం. టికెట్ ఉంది, కానీ ఆ డబ్బు పెట్టొచ్చు. రైట్ సోదరుల 1905 నాటి ఫ్లయర్ విమానం అక్కడ గుంతలాంటి చోట, నేల మట్టానికి కిందుగా ఉంది. పైనుంచి చూస్తే రెక్కల గుడ్డ మీది కుట్లు కూడా కనిపిస్తాయి.

మూడో హాంగరులో బీ-36 బాంబర్ మాత్రం నాకు లొంగలేదు. రెక్కల పొడవు 70 మీటర్లు, నా 16 ఎంఎం లెన్స్‌లో పట్టలేదు. డిసెంబర్‌లో మావాడి పరీక్షలయ్యాక, ఇంకా వెడల్పుగా పట్టే 12 ఎంఎం లెన్స్ అద్దెకి తీసుకుని దానికోసమే వెళ్తున్నాం.