మొక్కు తీర్చిన కట్టడంగా చార్మినార్

చార్మినార్‌కు వెళ్లేవారిలో చాలామంది కింద నిలబడి ఫోటో తీసుకుని, గాజుల కోసం లాడ్‌బజారు వైపు తిరుగుతారు. దాని వెనుక ఉన్న మహమ్మారి కథ మీద మనసున్నవారు మాత్రం టిక్కెట్టు కొని పైకెక్కాలి.

పాతబస్తీలో తరతరాలుగా చెప్పుకునే ఆ కథ ఇది: గోల్కొండ కోటలో జనం కిక్కిరిసి, నీటికి కటకటగా ఉన్న రోజుల్లో ఒక మహమ్మారి ప్రబలింది. కొందరు దానిని ప్లేగు అంటారు, కొందరు కలరా అంటారు. ఆ పీడ విరగడైతే తాను ప్రార్థించిన చోటనే మసీదు కట్టిస్తానని సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా మొక్కుకున్నాడనీ, 1591లో ఆ మొక్కు చెల్లించుకున్నాడనీ చెబుతారు.

అదే ఏడాది ఇస్లామీయ కాలమానమైన హిజ్రీలో 1000వ సంవత్సరం మొదలైంది. అందువల్ల ఆ సందర్భానికి గుర్తుగా, కొత్త రాజధానికి నడిబొడ్డుగా దీనిని కట్టించాడన్న వివరణే నాకు ఎక్కువ బలంగా తోస్తుంది. అయినా కథను తోసిపుచ్చలేను. ఈ కట్టడం కాలాన్ని సూచించే మాటగా 'యా హాఫిజ్' అన్న పిలుపును చెబుతారు. అక్షరాలకు అంకెల విలువ కట్టే అబ్జద్ పద్ధతిలో దాని మొత్తం సరిగ్గా 1000 అవుతుంది, అర్థమేమో 'ఓ రక్షకుడా' అని. సంవత్సరాన్ని లెక్కగట్టే మాటలోనే కాపాడమన్న వేడుకోలు ఇమిడి ఉండడం నన్ను ఎంతగానో కదిలించింది.

మినారు లోపల మెలికలు తిరుగుతూ పైకి సాగే మెట్లు 149 అని చెబుతారు. అవి ఇరుకుగా, నిట్టనిలువుగా ఉంటాయి కనుక మోకాళ్ల నొప్పులున్నవారు ముందే ఆలోచించుకోవడం మంచిది. సందర్శకులను మొదటి అంతస్తు వరకే అనుమతిస్తారు. కథకు ప్రాణమైన మసీదు ఆపై అంతస్తులో, పడమటి వైపున ఉంది. దానిని దగ్గరగా చూడలేకపోవడం నిజంగా వెలితే. అయితే మొదటి అంతస్తులోని తోరణాల నుంచి చూస్తే ఉత్తరాన గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెన్, దాని చుట్టూ నాలుగు కమాన్లు అనే తోరణ ద్వారాలు, నైరుతి దిక్కున మక్కా మసీదు, కింద నాలుగు వైపులకూ చీలిపోయే దారులు కనిపిస్తాయి, కిక్కిరిసిన కోటను విడిచి విశాలంగా ఊరు కట్టుకోవాలన్న తపన ఎలాంటిదో అక్కడ తెలుస్తుంది. నలువైపులా ఉన్న గడియారాలు మాత్రం 1889లో అమర్చినవి, మొక్కుతో వాటికి సంబంధం లేదు.

రద్దీ పెరగకముందే, ఉదయం తలుపులు తెరిచిన వెంటనే వెళ్తే తోరణం దగ్గర కాసేపు నిశ్శబ్దంగా నిలబడే వీలుంటుంది.